చెంపదెబ్బ లెక్కలు: 84, 37, 77

మొగుడు పెళ్లాం మీద చెయ్యి చేసుకోవడం ఏ సందర్భంలోనైనా సబబేనా? తెలంగాణలో ఈ ప్రశ్నకు నూటికి 84 మంది ఆడవాళ్లు ‘సబబే’ అన్నారు. అదే ప్రశ్నకు అలా జవాబిచ్చిన మగవాళ్లు నూటికి 70 మంది. అంటే కొట్టే వాళ్లకన్నా దెబ్బలు తినే వాళ్లలోనే దెబ్బకు ఎక్కువ ఆమోదం ఉందన్నమాట.

2019–21 మధ్య జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలిన సంగతి ఇది. ఖచ్చితమైన అంకెలు కావాలంటే తెలంగాణ మహిళల్లో 83.8 శాతం, పురుషుల్లో 70.4 శాతం. ఆంధ్రప్రదేశ్ మహిళల్లో 83.6 శాతం. రెండు తెలుగు రాష్ట్రాలూ రెండు చేతుల్లా ఒకే మాట చెప్పాయి.

ఈ అంకెల్ని హైదరాబాద్‌లోని టోలిచౌకి నుంచి చూస్తే కొన్ని విషయాలు బాగా అర్థమవుతాయి. మెహదీపట్నం నుంచి గచ్చిబౌలి వెళ్లే దారిలో ఒక పక్క గోల్కొండ కోట, ఏడు గుంబజ్‌లు ఉంటాయి. మరో పక్క షేక్‌పేట దాటి గుట్ట ఎక్కితే ఫిల్మ్‌నగర్, ఆ పైన జూబ్లీహిల్స్. గల్ఫ్ డబ్బుతో లేచిన అపార్ట్‌మెంట్లు, అద్దె గదులు, ఇంట్లోనే మిషన్ కుట్టుకునే ఆడవాళ్లు, పొద్దున్నే గుట్ట మీది బంగళాలకు పనికెళ్లే ఫిల్మ్‌నగర్ బస్తీల అమ్మలు, ఐటీ ఉద్యోగాల కోడళ్లు, అందరూ కొద్ది కిలోమీటర్ల పరిధిలోనే కనిపిస్తారు. ఉర్దూ, తెలుగు ఒకే మెట్ల మీద వినిపిస్తాయి. ‘మా వాళ్లలో ఇలాంటివి ఉండవు’ అని ప్రతి వర్గమూ పక్క వర్గం వైపు వేలు చూపించడానికి ఇంతకన్నా అనువైన చోటు ఉండదు.

ముందే ఒక మాట. గృహ హింస మీద సర్వే అడిగే ప్రశ్నలు ఎంపిక చేసిన కొన్ని ఇళ్లకే పరిమితం. వాటి నుంచి రాష్ట్రం మొత్తానికి అంకె వస్తుంది తప్ప పేటకో, వార్డుకో విడిగా రాదు. కాబట్టి కింద చెప్పే లెక్కలు తెలంగాణవి, దేశానివి. టోలిచౌకి వాటిని చదువుకోవడానికి ఎంచుకున్న వీధి.

84: ఏ తప్పుకు ఈ శిక్ష?

సర్వే వాళ్లు ఏడు సందర్భాలు చెప్పి ఒక్కొక్కదానికీ జవాబు అడిగారు. భర్తకు చెప్పకుండా బయటికి వెళ్లడం, ఇల్లూ పిల్లల్నీ పట్టించుకోకపోవడం, ఎదురు మాట్లాడటం, పడకకు ఒప్పుకోకపోవడం, వంట సరిగా చేయకపోవడం, ఆమె నడవడి మీద భర్తకు అనుమానం రావడం, అత్తమామల్ని గౌరవించకపోవడం. ఈ ఏడింటిలో ఏ ఒక్కదానికి ‘కొట్టొచ్చు’ అన్నా ఆమె 84 మందిలో ఒకరవుతుంది.

దేశం మొత్తమ్మీద ఎక్కువ మంది ఒప్పుకున్న కారణం అత్తమామల పట్ల అమర్యాద. నూటికి 32 మంది మహిళలు దానికి దెబ్బ తగునన్నారు. ఆ తర్వాతిది ఇల్లూ పిల్లల్నీ నిర్లక్ష్యం చేయడం, 28 మంది. ఈ రెండూ మొగుడి కోపానికి సంబంధించినవి కావు, ఇంటి కట్టుబాట్లకు సంబంధించినవి. కోడలు ఎలా ఉండాలో ఇల్లు ముందే రాసిపెట్టుకుంది. గీత దాటితే శిక్ష ఉంటుందని ఆమెకు పుట్టింట్లోనే నేర్పారు. సర్వే వాళ్లు వచ్చి అడిగినప్పుడు ఆమె ఆ పాఠమే ఒప్పజెప్పింది. అందుకే మగవాళ్లకన్నా ఆడవాళ్ల అంకె ఎక్కువగా కనిపించడంలో వింతేమీ లేదు. పాఠం వల్లె వేయించింది వాళ్లచేతనే కదా.

‘మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు’ అనే సామెత తెలియని తెలుగువాళ్లు అరుదు. దెబ్బను మామూలు చేసి, పరువును పెద్దది చేసిన సామెత అది. టోలిచౌకి గల్లీలో అదే భావం దక్కనీ యాసలో ‘సబర్ కరో బేటీ’ అని వినిపిస్తుంది. ఫిల్మ్‌నగర్ బస్తీలో ‘ఏ ఇంట్లో లేదమ్మా, సర్దుకుపో’ అంటారు. గుట్ట మీద బంగళాలో ‘నాలుగు గోడల మధ్య విషయం’ అంటారు. భాష మారినా తీర్పు మారదు.

ఈ పాఠంలో సినిమాకూ వాటా ఉంది. హీరో చెంప ఛెళ్లుమనిపిస్తే పొగరుబోతు అమ్మాయి దారికొచ్చే సన్నివేశానికి దశాబ్దాలపాటు హాల్లో ఈలలు పడ్డాయి. 2017లో ‘అర్జున్ రెడ్డి’ వచ్చినప్పుడు ప్రేమకూ పెత్తనానికీ మధ్య గీత ఎక్కడుందని పెద్ద వాదులాటే నడిచింది. వాదులాట జరగడమే కొంత మార్పు. అంతకుముందు అలాంటి దృశ్యాలు వాదన దాకా కూడా వచ్చేవి కావు.

అయితే ఈ 84 దేశమంతటి తలరాతేమీ కాదు. దేశ సగటు మహిళల్లో 45.4 శాతం, పురుషుల్లో 44.2 శాతం. హిమాచల్‌ప్రదేశ్‌లో ‘కొట్టొచ్చు’ అన్న మహిళలు 14.8 శాతమే. అక్కడా అత్తమామలున్నారు, అక్కడా కూరలో ఉప్పు ఎక్కువవుతుంది. కానీ దానికి దెబ్బే జవాబని అక్కడి ఆడవాళ్లు చాలామంది అనుకోవడం లేదు.

37: దెబ్బ తిన్నవాళ్లు

అభిప్రాయం సంగతి అది. మరి అనుభవం? తెలంగాణలో 18–49 ఏళ్ల మధ్య, ఎప్పుడో ఒకప్పుడు పెళ్లయిన మహిళల్లో 36.9 శాతం మంది భర్త చేతిలో శారీరక హింసో, లైంగిక హింసో ఎదుర్కొన్నామని చెప్పారు. అంతకుముందు 2015–16 సర్వేలో ఈ అంకె దాదాపు 43. ఆంధ్రప్రదేశ్‌లోనూ అప్పుడు 43 దరిదాపుల్లో ఉన్నది 2019–21లో 30కి దిగింది. పక్కనున్న కర్ణాటకలో 44.4. దేశ సగటు 31.2 నుంచి 29.3కి వచ్చింది. తగ్గిన మాట నిజమే. అయినా తెలంగాణ దేశ సగటుకు పైనే ఉంది.

ఈ అంకె ఎలా రాబట్టారో తెలిస్తేనే దాని బరువు తెలుస్తుంది. ఇంటికి ఒక్క మహిళనే ఎంచుకుంటారు. ఆమె ఒంటరిగా ఉంటేనే అడుగుతారు. మధ్యలో ఎవరైనా వస్తే ప్రశ్నలు ఆపేయాలి. ‘నీ మీద గృహ హింస జరిగిందా’ అని అడగరు. అలా అడిగితే ‘అబ్బే, మా ఆయన మంచోడే’ అన్న జవాబు వస్తుందని వాళ్లకు తెలుసు. చెంప మీద కొట్టాడా? నెట్టాడా? ఏదైనా విసిరాడా? చెయ్యి మెలిపెట్టాడా, జుట్టు పట్టి లాగాడా? ఇలా ఒక్కో పనినీ విడదీసి అడుగుతారు. అప్పుడు ‘ఆఁ, కొట్టాడు’ అని బయటికొస్తుంది. ఎక్కువమందికి తగిలింది చెంపదెబ్బే. దేశంలో పెళ్లయిన ప్రతి నలుగురిలో ఒకరు అది తిన్నామన్నారు.

కాబట్టి 37 నిజానికి తక్కువ అంచనా. మాటలతో పొడవడం, జీతం లాక్కోవడం, ఫోను పగలగొట్టడం ఈ అంకెలో లేవు. యాభై దాటిన అమ్మలు, అమ్మమ్మలూ లేరు.

చట్టం మాత్రం వాటినీ లెక్కలోకి తీసుకుంది. 2005 గృహ హింస చట్టం హింసను నాలుగు రకాలుగా చెప్పింది: శారీరక, లైంగిక, మాటల–మానసిక, ఆర్థిక. బాధితురాలి కోసం, ఈ చట్టం కింద నియమించే ప్రొటెక్షన్ ఆఫీసర్ నింపే మొదటి ఫారం ఒకసారి చదివితే, రాసినవాళ్లు మన ఇళ్ల మధ్యే తిరిగారా అనిపిస్తుంది. తన్నడం, గుద్దడం, కొరకడం ఒక వరుసలో ఉంటాయి. మగపిల్లాడు పుట్టలేదని దెప్పడం, కట్నం తేలేదని అవమానించడం, ఉద్యోగానికి వెళ్లనివ్వకపోవడం, ఇల్లు దాటనివ్వకపోవడం, ఫలానావాళ్లను కలవొద్దనడం ఇంకో వరుస. తిండి, బట్టలు, మందులు ఇవ్వకపోవడం, అద్దె కట్టకపోవడం, కరెంటు బిల్లు కట్టకపోవడం, ఇంట్లో ఒక భాగంలోకి రానివ్వకపోవడం, జీతం గుంజుకోవడం, ఆమెకు చెప్పకుండా ఆమె నగలు అమ్మడమో తాకట్టు పెట్టడమో చేయడం మరో వరుస. ఆ ఫారం చూశాక ‘నన్నెప్పుడూ కొట్టలేదు’ అనే మహిళలు కూడా ఒకటికి నాలుగు గడుల దగ్గర ఆగుతారు.

77: నోరు విప్పనివాళ్లు

దేశంలో హింసకు గురైన మహిళల్లో నూటికి 77 మంది ఎవరికీ చెప్పలేదు, ఎక్కడా సాయం అడగలేదు. సాయం అడిగింది 14 మంది. మిగతావాళ్లు ఎవరితోనో చెప్పుకున్నారు గానీ సాయం కోరలేదు.

ఈ అంకెలు కలిపి ఒక చిన్న లెక్క వేద్దాం. టోలిచౌకిలో ఒక కాలనీలో నూరుమంది పెళ్లయిన ఆడవాళ్లు ఉన్నారనుకోండి. తెలంగాణ సగటు ప్రకారం వాళ్లలో 37 మంది దెబ్బ తిన్నవాళ్లు. ఆ 37లో, దేశ సగటు ప్రకారం, 28 మందికి పైగా ఆ సంగతి ఎవరికీ చెప్పరు. సాయం కోసం అడుగు బయటపెట్టేది ఐదుగురు. ఆ ఐదుగురూ ఎక్కువగా వెళ్లేది పుట్టింటికే. లేదా అత్తింటి వాళ్లకే, స్నేహితులకే చెప్పుకుంటారు. సాయం కోరినవాళ్లలో పోలీసుల దాకా వెళ్లేవాళ్లు పదోవంతు కూడా లేరు. అంటే నూరుమంది ఉన్న కాలనీ నుంచి, 37 మంది దెబ్బలు తిన్న కాలనీ నుంచి, స్టేషన్ మెట్లెక్కేది ఒక్కరు కూడా పూర్తిగా తేలరు.

ఇప్పుడు పోలీసు రికార్డు చూడండి. 2022లో దేశవ్యాప్తంగా భర్త, అతని బంధువుల క్రూరత్వం కింద నమోదైన కేసులు 1,40,019. మహిళలపై నేరాలన్నిటిలో దాదాపు మూడోవంతు ఇవే. మహిళలపై నేరాల రేటు లక్షమంది మహిళలకు దేశంలో 66.4 అయితే తెలంగాణలో 117. ఇది చూసి తెలంగాణలో ఆడవాళ్లకు బతుకే లేదని తీర్మానించేస్తే తొందరపాటే. కేసులు ఎక్కువ నమోదైన చోట నేరాలే ఎక్కువని కాదు, ఫిర్యాదు చేసే దారి దగ్గరగా ఉందని కూడా అర్థం కావచ్చు. హైదరాబాద్‌లో 2014 అక్టోబరులో మహిళల భద్రత కోసం షీ టీమ్స్ అనే పోలీసు బృందాలు మొదలయ్యాయి. 2016 మేలో బాధిత మహిళల కోసం భరోసా కేంద్రం తెరిచారు. కమిషనరేట్ పునర్వ్యవస్థీకరణలో టోలిచౌకికీ ఫిల్మ్‌నగర్‌కూ సొంత పోలీసు స్టేషన్లు వచ్చాయి. గడప దగ్గరైతే ఎక్కేవాళ్లు పెరుగుతారు. కేసులు తక్కువగా ఉన్న రాష్ట్రం ప్రశాంతంగా ఉందో, నోరు మూసుకుని ఉందో సర్వే పక్కన పెట్టి చూస్తే గానీ తెలియదు.

‘అన్నీ దొంగ కేసులే’ అనే వాదన కూడా టీకొట్టు దగ్గర గట్టిగానే వినిపిస్తుంది. భర్త, అతని బంధువుల క్రూరత్వం మీద 1983లో వచ్చిన 498ఏ సెక్షన్ దుర్వినియోగం గురించి సుప్రీంకోర్టు 2014లో అర్నేష్ కుమార్ కేసులో మాట్లాడింది, వెనకాముందూ చూడకుండా అరెస్టులు చేయొద్దని పోలీసులను ఆదేశించింది. అందులో కోర్టు చూపిన లెక్క 2012ది: ఛార్జిషీటు దాకా వెళ్లినవి 93.6 శాతం, శిక్ష పడినవి 15 శాతం. శిక్ష పడనిదల్లా అబద్ధమని దీనర్థం కాదు. నాలుగు గోడల మధ్య జరిగినదానికి సాక్షి దొరకడు. ఏళ్ల తరబడి నడిచే కేసులో పెద్దమనుషులు రాజీ కుదురుస్తారు, పిల్లల చదువు గుర్తుచేస్తారు, ఆమె వెనక్కి తగ్గుతుంది. దుర్వినియోగం లేదని కాదు. కానీ 28 మంది మౌనాన్ని వదిలేసి ఒక్క దొంగ కేసు గురించే మాట్లాడటం లెక్క రానివాళ్ల పని. ఆ సెక్షన్ 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్‌గా మారింది. శిక్ష మాత్రం మునుపటిలాగే మూడేళ్ల వరకు జైలు.

70, 23: సీసా పాత్ర ఎంత?

అదే సర్వే ప్రకారం దేశంలో తరచూ తాగి తూలే భర్తలున్న మహిళల్లో 70 శాతం మంది శారీరక హింసో, లైంగిక హింసో ఎదుర్కొన్నారు. తాగని భర్తలున్నవాళ్లలో 23 శాతం. ఆ సర్వే నాటికి తెలంగాణలో పదిహేనేళ్లు దాటిన మగవాళ్లలో మద్యం తాగేవాళ్లు 43.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 23.3. దేశ సగటు 18.8. ఈ నాలుగైదు అంకెలూ పక్కపక్కన పెడితే కథ దానంతటదే అర్థమవుతుంది.

ఈ సంగతి మన ఆడవాళ్లు సర్వేలకన్నా ముందే కనిపెట్టారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా కొట్లు మూయించిన మహిళల పోరాటం ఉమ్మడి రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధం సడలింది. చదువురాని ఆడవాళ్లు నడిపిన ఉద్యమం మూలంలో ఉన్నది రెండే: ఖాళీ అయిన జేబు, వాచిన ఒళ్లు.

అయితే 23 అనే అంకెనూ మరవొద్దు. చుక్క ముట్టని మగాడి ఇంట్లోనూ నలుగురిలో దాదాపు ఒకరు దెబ్బ తింటున్నారు. మద్యం దెబ్బను పెంచుతుంది, పుట్టించదు. తాగి యజమాని మీద చెయ్యెత్తనివాడు ఇంటికొచ్చి పెళ్లాం మీదే ఎత్తుతాడంటే, ఎవరిని కొట్టొచ్చో అతనికి ఆ మత్తులోనూ తెలుసు.

చదువు సంగతీ అంతే. దేశంలో బడి మొహం చూడని మహిళల్లో 40 శాతం మంది శారీరక హింస ఎదుర్కొంటే, పన్నెండో తరగతి దాటినవాళ్లలో 18 శాతం. చదువు కవచమే, కానీ చిల్లులున్న కవచం. బస్తీలో అరుపు గోడ దాటి వినిపిస్తుంది. బంగళాలో ఏసీ గది తలుపు మూసుంటుంది. తేడా శబ్దంలో ఉంది.

గల్ఫ్ భర్త, నిఖానామా, కోర్టు గడప

టోలిచౌకిలో భర్త దుబాయిలోనో రియాద్‌లోనో, భార్య ఇక్కడ అత్తింట్లో ఉండే కుటుంబాలు ఎక్కువ. అక్కడ హింస చేతితో జరగదు. నెలవారీ డబ్బు ఆపేయడం, వీడియో కాల్‌లో ఇల్లంతా చూపించమనడం, పాస్‌పోర్టు అత్త దగ్గర పెట్టడం, ఇలా సాగుతుంది. గృహ హింస చట్టంలోని 27వ సెక్షన్ ప్రకారం ఆమె శాశ్వతంగా గానీ, తాత్కాలికంగా గానీ ఉంటున్న చోటే కేసు వేసుకోవచ్చు. పుట్టింటికి వచ్చి ఉంటే అక్కడి మేజిస్ట్రేటు కోర్టే చాలు. మతంతో సంబంధం లేకుండా మహిళలందరికీ ఈ చట్టం వర్తిస్తుంది.

ముస్లిం మహిళలకు సంబంధించి వచ్చిన రెండు తీర్పులు ఇక్కడివే. తెలంగాణ నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లిన కేసులో, విడాకులు పొందిన ముస్లిం మహిళ కూడా మామూలు చట్టం కింద మనోవర్తి అడగొచ్చని 2024 జులై 10న తీర్పు వచ్చింది. ఖులా, అంటే భార్య తనంతట తాను కోరే విడాకులు, ఆమె సంపూర్ణ హక్కు, దానికి భర్త ఒప్పుకోలు అక్కర్లేదని తెలంగాణ హైకోర్టు 2025 జూన్‌లో చెప్పింది. ‘ఆయన ఒప్పుకోవడం లేదు’ అని ఏళ్ల తరబడి వేలాడే ఆడపిల్లలకు ఇది చిన్న ఊరట కాదు. పాతబస్తీలో ఉర్దూ కవయిత్రి జమీలా నిషాత్ నెలకొల్పిన షాహీన్ సంస్థ, తెలుగు మహిళల మధ్య కొండవీటి సత్యవతి ఆధ్వర్యంలోని భూమిక ఏళ్లుగా చేస్తున్న పని కూడా ఇదే: ఇంట్లో మాటను కౌన్సెలింగ్ గది దాకా, అవసరమైతే కోర్టు దాకా తేవడం.

3, 60: చట్టం పెట్టిన గడువులు

2006 అక్టోబరు 26న అమల్లోకి వచ్చిన గృహ హింస చట్టం భర్తను జైల్లో పెట్టడానికి కాదు, ముందు భార్యను ఇంట్లో భద్రంగా ఉంచడానికి. దరఖాస్తు అందాక మామూలుగా మూడు రోజుల్లో మొదటి వాయిదా. అరవై రోజుల్లో కేసు తేల్చడానికి ప్రయత్నించాలి. మేజిస్ట్రేటు రక్షణ ఉత్తర్వు ఇవ్వొచ్చు, నివాస ఉత్తర్వు ఇవ్వొచ్చు, ఖర్చులు ఇప్పించొచ్చు, పిల్లల్ని తాత్కాలికంగా తల్లికి అప్పగించొచ్చు, నష్టపరిహారం ఇప్పించొచ్చు. ఉత్తర్వును భర్త కాలరాస్తేనే అది నేరమవుతుంది. అప్పుడు ఏడాది దాకా జైలు, లేదా 20 వేల దాకా జరిమానా, లేదా రెండూ.

‘ఇల్లు మా అత్త పేరు మీద ఉంది, నాకేం హక్కు?’ అనే ప్రశ్న ఎక్కువమందిని ఆపేస్తుంది. 2020 అక్టోబరు 15న సతీష్ చందర్ అహూజా కేసులో సుప్రీంకోర్టు దీనికి జవాబిచ్చింది. కాపురం ఉన్న ఇల్లు అత్తమామల పేరు మీదున్నా, చట్టం చెప్పిన పద్ధతిలో తప్ప కోడలిని వెళ్లగొట్టడానికి వీల్లేదు. ఇల్లు ఎవరి పేరు మీదుందో కాక, ఆమె ఎక్కడ కాపురం ఉందో చూడాలి.

కాగితం మీద ఇదంతా బాగుంది. అరవై రోజుల గడువు మాత్రం చాలా కేసుల్లో దాటిపోతుంది. జిల్లా స్థాయి సంక్షేమ అధికారికి అంగన్‌వాడీలు, పోషకాహారంతో పాటు ప్రొటెక్షన్ ఆఫీసర్ బాధ్యతా అదనంగా తగిలిస్తే పని కదలదు. చట్టం వచ్చిన ఇరవై ఏళ్లకు, 2025 మేలో కూడా, ప్రొటెక్షన్ ఆఫీసర్లను గుర్తించి నియమించండని రాష్ట్రాలకు సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చిందంటే పరిస్థితి ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

112, 181, 15100: గుర్తుంచుకోవాల్సినవి

ప్రాణం మీదికొచ్చినప్పుడు 112. మాట్లాడటానికి, దారి అడగడానికి మహిళా హెల్ప్‌లైన్ 181, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది. ఉచిత న్యాయ సాయానికి 15100. ఆదాయం ఎంతైనా సరే, మహిళలకు ప్రభుత్వ ఖర్చుతో లాయరును పెట్టే హక్కు 1987 న్యాయ సేవల చట్టంలోనే ఉంది. లక్షల జీతం వచ్చే ఇల్లాలికీ అది వర్తిస్తుంది. సఖి కేంద్రాల్లో వైద్యం, కౌన్సెలింగ్, కొద్ది రోజులు తలదాచుకునే వసతి ఒకే చోట దొరుకుతాయి.

కొన్ని జాగ్రత్తలు ముందుగా తీసుకోవాలి. దెబ్బ తగిలిన రోజే ఆసుపత్రికి వెళ్లి చీటీ రాయించుకోండి. దెబ్బ ఎలా తగిలిందో డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పండి. ‘మెట్ల మీద జారిపడ్డాను’ అని రాయిస్తే ఆ చీటీ రేపు అవతలివాళ్లకు సాక్ష్యమవుతుంది. పెళ్లి ఫొటోలు, నిఖానామా (ముస్లింల పెళ్లి పత్రం), ఆధార్, బ్యాంకు పుస్తకం, నగల రసీదుల నకళ్లు నమ్మకమైన మరొకరి ఇంట్లో ఉంచండి.

ఇక పక్కింటివాళ్లకు. గోడ అవతల అరుపులు వింటే ఫోను చేయడానికి ఆమె అనుమతి పత్రం అక్కర్లేదు. హింస జరుగుతోందని నమ్మకం కలిగితే ఎవరైనా ప్రొటెక్షన్ ఆఫీసర్‌కు చెప్పొచ్చు. సదుద్దేశంతో చెప్పినవారి మీద ఏ కేసూ పెట్టడానికి వీల్లేదని చట్టంలోని నాలుగో సెక్షన్ అంటోంది.

ఈ మూడు అంకెల్లో 37ను తగ్గించడానికి పోలీసులు, కోర్టులు, మద్యం విధానం అన్నీ కావాలి. 77ను తగ్గించడానికి ప్రొటెక్షన్ ఆఫీసర్లు, సఖి కేంద్రాలు సరిగ్గా పనిచేయాలి. కానీ 84కు ప్రభుత్వ శాఖ ఏదీ లేదు. అది అత్తగార్లు, అమ్మలు, అక్కలు, పెద్దమనుషుల చేతిలో ఉంది. కూతురు ఏడుస్తూ ఫోను చేసినప్పుడు ‘నువ్వేం చేశావు?’ అని అడిగే తల్లి ఆ 84లో ఒకరు. ‘వాడెందుకు కొట్టాడు?’ అని అడిగే తల్లి ఒకరిని తగ్గించినట్టు. మీ ఇంట్లో ఈ రెండిట్లో ఏ ప్రశ్న వినిపిస్తోందో చూసుకోండి. ఆ అంకెను దించే పని అక్కడే మొదలవ్వాలి.